విబ్రియో ప్రజాతి: లక్షణాలు, ప్రయోగశాలలో గుర్తింపు, కలిగించే వ్యాధులు

మన ట్రస్టు ఉపకార వేతనం అందుకుంటున్న విద్యార్థులలో ఏటా కొందరు డి.ఎం.ఎల్.టి., బి.ఎస్సీ. మైక్రోబయాలజీ, నర్సింగ్ కోర్సులలో చేరుతున్నారు. వీరు తరగతిలో పాఠం ఇంగ్లీషులో వింటారు. వీధిలో ఒడియానో, కన్నడమో, తమిళమో, మరాఠీయో మాట్లాడతారు. ఇంటికి వచ్చాక "ఈ రోజు ఏం చదివావు?" అని నాన్న అడిగితే తెలుగులో చెప్పడానికి మాట దొరకదు. అందుకే ఒక పాఠాన్ని తెలుగులో రాయమని సంపాదకులు నన్ను అడిగారు. నేను దక్షిణ ఒడిశాలో చాలా ఏళ్ళు లాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి, తరువాత ఆ పనినే పిల్లలకు నేర్పినవాణ్ణి. పాఠం ఏదైనా ఫరవాలేదన్నారు కనుక విబ్రియోను ఎంచుకున్నాను. పరీక్షలలో తరచుగా వచ్చే ప్రశ్న కావడం ఒక కారణం. ఈ సూక్ష్మజీవి విషయంలోనే నేను ఒక పెద్ద తప్పు చేయడం రెండో కారణం. ఆ సంగతి దాని చోట చెబుతాను.

మరిడి, గత్తర, కలరా

విబ్రియో ప్రజాతిలో వందకు పైగా జాతులు ఉన్నాయి. వాటిలో మనిషికి జబ్బు చేసేవి పన్నెండుకు అటూ ఇటూగా ఉంటాయి. అన్నిటిలోకి పేరుమోసినది విబ్రియో కలరే. దీనివల్ల వచ్చే జబ్బును కోస్తాలో మన పెద్దలు మరిడి అనేవారు. తెలంగాణ వైపు గత్తర అంటారు. మరిడమ్మకు జాతర చేసే ఊళ్ళు గోదావరి జిల్లాలలో ఇప్పటికీ ఉన్నాయి. అంటే ఈ జబ్బుకు మన వాళ్ళు ఎంత భయపడ్డారో ఆ మాటలే చెబుతాయి.

ఈ సూక్ష్మజీవిని మొదట చూసినవాడు ఇటలీలోని ఫ్లారెన్సు నగరానికి చెందిన ఫిలిప్పో పచీని. అది 1854. ఆ మాట అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. అదే సంవత్సరం లండనులో జాన్ స్నో అనే వైద్యుడు బ్రాడ్ స్ట్రీటు చేతిపంపు నీళ్ళ వల్లనే జబ్బు వ్యాపిస్తోందని ఇంటింటి లెక్కలు తీసి చూపించాడు. మూడు దశాబ్దాల తరువాత రాబర్ట్ కోఖ్ ఈజిప్టులో పని మొదలుపెట్టి, 1884లో కలకత్తాలో దీన్ని విడిగా పెంచగలిగాడు. చాలామంది విద్యార్థులు కనిపెట్టినవాడు కోఖ్ అని మాత్రమే రాసి వస్తారు. పచీని పేరు కూడా రాయండి. 1965లో అంతర్జాతీయ సంఘం ఈ జాతి పేరు పక్కన ఆయన పేరునే ఖాయం చేసింది.

లక్షణాలు

ఇది గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా. కొద్దిగా వంగిన కడ్డీలా, కామా గుర్తులా ఉంటుంది. పొడవు ఒకటిన్నర నుంచి మూడు మైక్రాన్లు. ఒక కొసన ఒకే కశాభం ఉంటుంది. ఆ కశాభం బలంతోనే ఇది విసిరిన బాణంలా దూసుకుపోతుంది. రోగి మలంలోని జిగురు నుంచి తీసిన స్మియరులో ఇవి ఒకే దిక్కుగా వరుసకట్టి కనిపిస్తాయి. పుస్తకాలలో దీన్ని ఏటిలో ఎదురీదే చేపల గుంపుతో పోలుస్తారు. చేపలు పట్టే ఇంటి పిల్లలకు ఈ పోలిక విడమరచి చెప్పనక్కర లేదు.

స్పోరులు ఉండవు. అందువల్ల ఎండితే చచ్చిపోతుంది, మరిగే నీళ్ళలో నిలవదు. ఆమ్లం అంటే దీనికి గిట్టదు. క్షారం అంటే ఇష్టం. పీహెచ్ 7.4 నుంచి 9.6 వరకు పెరుగుతుంది, 8.2 దగ్గర బాగా పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే రెండు విషయాలు వాటంతట అవే అర్థమవుతాయి. మొదటిది, లాబులో దీనికి వాడే మీడియాలన్నీ క్షారంగా ఎందుకు ఉంటాయన్నది. రెండోది, ఆరోగ్యవంతుడికి జబ్బు రావాలంటే కోట్ల సంఖ్యలో బాక్టీరియా లోపలికి ఎందుకు పోవాలన్నది. కడుపులోని ఆమ్లం చాలావాటిని చంపేస్తుంది. ఆమ్లం తగ్గించే మందులు వాడేవారికి, సరైన తిండి లేక ఆమ్లం తక్కువ ఊరేవారికి చాలా తక్కువ సంఖ్యతోనే జబ్బు పట్టుకుంటుంది.

ఉప్పు విషయం కూడా చూడాలి. విబ్రియో ప్రజాతి మొత్తానికి పుట్టిల్లు సముద్రం, ఉప్పుటేర్లు, నదీముఖాలు. అందుకే చాలా జాతులు ఉప్పు కలపని మీడియంలో పెరగవు. కలరే జాతి మాత్రం ఉప్పు కలపకపోయినా పెరుగుతుంది. పారాహీమోలిటికస్ 8 శాతం ఉప్పులో పెరుగుతుంది, ఉప్పు లేకుంటే పెరగదు. ఆల్జినోలిటికస్ 10 శాతం ఉప్పును కూడా తట్టుకుంటుంది. కొత్త ఆవకాయ పెట్టిన జాడీలాంటి చోట కూడా ఇది బతికేస్తుందేమో అని నేను పిల్లలతో నవ్వులాటకు అంటుంటాను. నిజానికి పచ్చడి పులుపు దాన్ని బతకనివ్వదు.

రాగి తీగ చుట్టలా ఒకటే క్రోమోజోము అని మిగతా బాక్టీరియాలకు చెప్పినట్లు దీనికి చెప్పకూడదు. విబ్రియో కలరేకు రెండు క్రోమోజోములు ఉన్నాయి. వాటి పూర్తి క్రమం 2000లో వెలువడింది.

సీరో వర్గాలు

ఓ యాంటిజెన్‌ను బట్టి విబ్రియో కలరేను 200కు పైగా వర్గాలుగా విడదీశారు. పెద్ద ఎత్తున కలరా వ్యాపింపజేసేవి రెండే: ఓ1, ఓ139. ఓ1లో ఒగావా, ఇనాబా, హికోజిమా అని మూడు సీరోటైపులు, క్లాసికల్, ఎల్ టార్ అని రెండు బయోటైపులు ఉన్నాయి. ఎల్ టార్ అన్నది సైనాయ్ తీరంలోని ఒక క్వారంటైన్ కేంద్రం పేరు. 1905లో అక్కడ హజ్ యాత్రికుల దేహాలలో దీన్ని కనుగొన్నారు. 1961లో ఇండొనేషియాలోని సులవేసి నుంచి బయలుదేరిన ఏడవ ప్రపంచ వ్యాప్తి ఈ ఎల్ టార్‌దే. అది నేటికీ ముగియలేదు.

ఓ139 కథ మన వాళ్ళకు దగ్గరిది. 1992 చివర్లో మద్రాసులో కలరా లక్షణాలున్న రోగుల నుంచి వచ్చిన విబ్రియో ఓ1 సీరంతో కలవలేదు. అంతకుముందు వరకు ఓ1 కానిది మహమ్మారి తేదనే నమ్మకం ఉండేది. ఇది బంగాళాఖాతం తీరం వెంట కలకత్తాకు, బంగ్లాదేశ్‌కు పాకింది. పాత ఎల్ టార్ వచ్చి తగ్గినవారికి ఉన్న రోగనిరోధక శక్తి దీని ముందు పనిచేయలేదు. అందుకే పెద్దవాళ్ళు ఎక్కువగా పడిపోయారు. దీనికి బెంగాల్ అనే పేరు పెట్టారు. ఆ తరువాత ఇది క్రమంగా తగ్గిపోయింది. అయినా లాబులో ఓ139 సీరం కూడా ఉంచుకోవడం మానలేదు.

ప్రయోగశాలలో గుర్తింపు

యాంటీబయాటిక్ ఇవ్వకముందే మలం తీసుకోవాలి. పసిపిల్లలకైతే రెక్టల్ స్వాబ్ తీయవచ్చు. నమూనా ఎండిపోకూడదు. లాబు దూరంగా ఉంటే కారీ బ్లెయిర్ మీడియంలో పంపాలి. దీనికి మన దేశంలోనే పుట్టిన ఒక పాత మార్గం కూడా ఉంది. 1941లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన వెంకట్రామన్, రామకృష్ణన్ ఒక మీడియం తయారుచేశారు. లీటరు నీటిలో 20 గ్రాముల ముతక సముద్రపు ఉప్పు, 5 గ్రాముల పెప్టోన్, పీహెచ్ 8.6 నుంచి 8.8. అంతే. ఇందులో విబ్రియో వారాల తరబడి బతికి ఉంటుంది, కాని పెరిగిపోదు. ఖరీదైన రసాయనం ఒక్కటీ లేదు. ఇప్పటికీ పాఠ్యపుస్తకాలలో దీన్ని వి.ఆర్. మీడియం అంటారు. విద్యార్థులు ఆ రెండక్షరాలు బట్టీపట్టి, వాటి వెనుక ఇద్దరు మనుషులున్న సంగతి మరచిపోతారు.

లాబుకు వచ్చాక మొదట హాంగింగ్ డ్రాప్ చూస్తాం. మలపు చుక్కలో దూసుకుపోయే బాక్టీరియా కనిపిస్తే, మరో చుక్కకు ఓ1 సీరం కలపాలి. కదలిక ఆగిపోతే అనుమానం బలపడుతుంది. ఇది అనుమానమే, నిర్ధారణ కాదు.

తరువాత ఆల్కలైన్ పెప్టోన్ వాటర్. పీహెచ్ 8.6 దగ్గర, 37 డిగ్రీల సెల్సియస్‌లో, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచాలి. విబ్రియోకు గాలి కావాలి, చురుకుగా ఈదుతుంది కూడా. అందుకే మిగతా బాక్టీరియా కంటే ముందు పైకి చేరి, సన్నని మీగడలాంటి పొర కడుతుంది. గొట్టాన్ని కదపకుండా పైపొర నుంచే లూపు ముంచి తీయాలి. రాత్రంతా వదిలేస్తే మిగతావి పెరిగి విబ్రియోను మింగేస్తాయి. సాయంత్రం నాలుగింటికి వచ్చిన నమూనాను తెల్లవారి చూద్దాంలే అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

ఆ పొర నుంచి టి.సి.బి.ఎస్. అగర్ మీద గీయాలి. థయోసల్ఫేట్, సిట్రేట్, బైల్ సాల్ట్స్, సుక్రోజ్ అన్న పేర్ల మొదటి అక్షరాలే ఈ పేరు. ఆకుపచ్చ రంగులో ఉండే ఈ మీడియంను ఆటోక్లేవ్ చేయకూడదు, మరిగిస్తే చాలు. మర్నాటికి విబ్రియో కలరే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పసుపు కాలనీలు పెడుతుంది. సుక్రోజును పులియబెట్టి ఆమ్లం చేయడం వల్ల రంగు మారుతుంది. పారాహీమోలిటికస్ సుక్రోజును ముట్టదు కనుక దాని కాలనీలు ఆకుపచ్చగానే ఉంటాయి.

నా తప్పు జరిగింది ఇక్కడే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వానాకాలం. కొండ మీది ఒక ఊరి నుంచి నాలుగు నమూనాలు వచ్చాయి. మర్నాడు ప్లేట్ల మీద చక్కటి పసుపు కాలనీలు. ఆక్సిడేజ్ పరీక్ష చేయాలి. విబ్రియో అయితే కాగితం మీద పది సెకన్లలో ముదురు ఊదా రంగు రావాలి. నేను తొందరపడి, టి.సి.బి.ఎస్. ప్లేటు నుంచే నేరుగా కాలనీ తీసి కాగితం మీద రుద్దాను. రంగు రాలేదు. మళ్ళీ చేశాను. రాలేదు. "ఆక్సిడేజ్ నెగెటివ్, విబ్రియో కాదు" అని రాసి పంపేశాను. ఆ కాలనీలలో పేరుకున్న ఆమ్లమే రంగును అడ్డుకుందని నాకు తెలియదు. తెలియదనడం కూడా సరికాదు. చదివాను, కాని మనసుకు ఎక్కలేదు. ఆ మీడియం మీది కాలనీని న్యూట్రియెంట్ అగర్ మీద మళ్ళీ పెంచి, అప్పుడు ఆక్సిడేజ్ చేయాలి.

మా సీనియర్ మేడమ్ సెలవు నుంచి తిరిగి వచ్చి ప్లేట్లు చూసి, "ఇవి పారేయలేదు కదా?" అని అడిగారు. తిరిగి పెంచాం. ఆక్సిడేజ్ వెంటనే ఊదా అయింది. ఓ1 సీరంతో గుచ్చులు కట్టింది. అది ఒగావా. రిపోర్టు సరిదిద్ది పంపాం. ఈలోగా మూడు రోజులు పోయాయి. నా మొదటి కాగితం చూసి, ఊరి వాగు నీళ్ళకు క్లోరిన్ వేసే పని కాస్త వెనక్కి జరిపారట. ఆ మూడు రోజుల్లో అదే ఊరి నుంచి ఇంకా ఏడుగురు వచ్చారు. అందులో ఒక ముసలాయన తిరిగి వెళ్ళలేదు. నా రిపోర్టు సరిగా ఉంటే ఆయన బతికేవాడా అన్నది ఎవరూ చెప్పలేరు. మేడమ్ నన్ను తిట్టలేదు. సరిదిద్దిన రిపోర్టు మీద నన్నే సంతకం పెట్టమన్నారు.

ఆక్సిడేజ్‌కు నైక్రోమ్ లూపు కూడా వాడకూడదు. అది తప్పుడు పాజిటివ్ ఇస్తుంది. ప్లాటినం లూపు గాని, చెక్క పుల్ల గాని వాడండి.

ఇక మిగిలినవి త్వరగా చెబుతాను. స్ట్రింగ్ టెస్టులో స్లైడు మీద 0.5 శాతం సోడియం డిఆక్సీకోలేట్ చుక్కలో కాలనీని కలిపితే, కణాలు పగిలి డి.ఎన్.ఏ. బయటకు వచ్చి చిక్కబడుతుంది. లూపు మెల్లగా పైకెత్తితే తీగ సాగుతుంది. బెల్లం పాకం పట్టడం చూసినవారికి ఈ తీగపాకం కొత్త కాదు. ఏరోమోనాస్ కూడా ఆక్సిడేజ్ పాజిటివే, కొన్నిసార్లు పసుపు కాలనీలే పెడుతుంది, కాని సాధారణంగా తీగ సాగదు. పెప్టోన్ నీటిలో పెరిగిన కల్చరులో కొన్ని చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే ఎర్ర గులాబీ రంగు వస్తుంది. దీన్ని కలరా రెడ్ రియాక్షన్ అంటారు. వైవాలో అడగడానికే తప్ప నేడు దీని ఉపయోగం తక్కువ. క్లాసికల్, ఎల్ టార్ బయోటైపులను వేరు చేయడానికి పాలీమిక్సిన్ బి 50 యూనిట్ల డిస్కు, కోడి ఎర్ర రక్తకణాల అగ్లుటినేషన్, వోజెస్ ప్రోస్కావర్ పరీక్ష వాడతారు. ఎల్ టార్ పాలీమిక్సిన్‌కు లొంగదు, మిగతా రెండిటిలో పాజిటివ్.

చివరి మాట స్లైడ్ అగ్లుటినేషన్‌ది. సీరం పక్కనే సెలైన్ చుక్క కూడా పెట్టి పోల్చండి. సెలైన్‌లోనే గుచ్చులు కడితే ఆ పరీక్ష చెల్లదు.

జబ్బు ఎలా వస్తుంది

విబ్రియో కలరే పేగు గోడను తొలుచుకుని పోదు, రక్తంలోకి వెళ్ళదు. పేగు లోపలి పొరకు అంటుకుని విషం విడుస్తుంది. ఈ సంగతిని రుజువు చేసినవాడు కలకత్తాకు చెందిన శంభునాథ్ దే. కుందేలు చిన్నపేగును ముడివేసి ప్రయోగాలు చేసిన ఆయన, బాక్టీరియాను వడకట్టి తీసేసిన ద్రవం కూడా పేగులో నీరు నింపుతుందని 1959లో చూపించాడు. బాక్టీరియా లేకపోయినా జబ్బు వస్తోందంటే విషమే కారణమన్నమాట. పెద్ద పెద్ద పరికరాలు లేని లాబులో చేసిన పని ఇది.

ఆ విషంలో ఒక ఏ భాగం, ఐదు బి భాగాలు ఉంటాయి. బి భాగాలు పేగు కణం మీది జి.ఎం.1 అనే పదార్థానికి పట్టుకుంటాయి. ఏ భాగం లోపలికి వెళ్ళి అడినైలేట్ సైక్లేజ్‌ను ఆగకుండా పనిచేయిస్తుంది. కణంలో సైక్లిక్ ఏ.ఎం.పి. పెరిగి, క్లోరైడు బయటకు పోతుంది, దాని వెంట సోడియం, నీరు పోతాయి. కుళాయి తిప్పి, మూయకుండా వదిలేసినట్లే. తీవ్రంగా ఉన్న పెద్దవారికి గంటకు లీటరు వరకు నీరు పోవచ్చు. మలం బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటుంది. విద్యార్థులు కొందరు గంజిలా అని రాస్తారు. గంజి చిక్కగా ఉంటుంది, బియ్యం కడుగు పల్చగా తెల్లగా ఉంటుంది. తేడా రాయండి. జ్వరం, కడుపునొప్పి సాధారణంగా ఉండవు. కళ్ళు లోపలికి పోతాయి, చర్మం గిల్లితే మడత అలాగే నిలుస్తుంది, పిక్కలు పట్టేస్తాయి, మూత్రం ఆగుతుంది. చికిత్స లేకపోతే తీవ్ర రోగులలో సగం మంది వరకు చనిపోవచ్చు. సరైన చికిత్స అందితే నూటికి ఒకరు కూడా పోరు.

తల్లిదండ్రులు ఈ భాగం శ్రద్ధగా చదవాలి. విరేచనాలవుతుంటే నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయని నోరు కట్టేయడం మన ఇళ్ళలో పాత అలవాటు. అది ప్రాణం తీస్తుంది. కలరా విషం పేగును ఎంత పాడుచేసినా, గ్లూకోజును, సోడియంను జంటగా లోపలికి లాక్కునే దారి మాత్రం చెడదు. ఓ.ఆర్.ఎస్. ఆ దారి మీదే ఆధారపడింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ములలో నింపి బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ప్యాకెట్ దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కళ్ళనీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు. తల్లిపాలు ఆపకూడదు. రోగి మగతగా ఉన్నా, తాగింది నిలవకపోయినా, ఓ.ఆర్.ఎస్. పడుతూనే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అక్కడ రింగర్ లాక్టేట్ ఎక్కిస్తారు.

యాంటీబయాటిక్ రెండో స్థానమే. డాక్టరు రాస్తేనే వాడాలి. ఇందులో మన తెలుగువాడి చేయి ఉంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ లాబులలో బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా వెలువడింది. ఆ పరిశోధనను నడిపించినవారు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. నేడు కలరాకు పెద్దలకిచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే.

కలరా పాత జబ్బు, ఇప్పుడెక్కడుంది అని అడిగే పిల్లలుంటారు. 1999 అక్టోబరు పెనుతుపాను తరువాత ఒడిశా తీరంలో వచ్చింది. 2007లో రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాలలో వచ్చింది. నోటి టీకాలు ఉన్నాయి. 2009లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన షాన్‌కాల్‌ను 2011లో పూరీ జిల్లా సత్యబాడి బ్లాకులో వేలమందికి ఇచ్చారు. దాని తయారీ తరువాత ఆగిపోయింది. 2024లో భారత్ బయోటెక్ హిల్‌కాల్‌ను విడుదల చేసింది. అందులో వాడింది పైన చెప్పిన హికోజిమానే.

మిగతా విబ్రియోలు

విబ్రియో పారాహీమోలిటికస్‌ను 1950లో జపానులోని ఒసాకాలో ఫుజినో కనుగొన్నారు. సగం ఎండబెట్టిన చిన్న చేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు, కొద్దిగా జ్వరం దీని లక్షణాలు. జబ్బు చేసే రకాలు వాగట్సుమా అగర్ మీద రక్తకణాలను కరిగిస్తాయి. దీన్ని కనగావా ఫినామినన్ అంటారు. రొయ్యలు, పీతలు బాగా ఉడకనివ్వండి. పచ్చివి కోసిన కత్తి, పీట కడగకుండా ఉడికినవాటికి వాడకండి.

విబ్రియో వల్నిఫికస్ అరుదు, కాని దీనంత వేగం మరొకదానికి లేదు. ఉప్పునీటిలో దిగినప్పుడు కాలి పుండులోంచి, లేదా పచ్చి ఆల్చిప్పలు తింటే పేగులోంచి రక్తంలోకి వెళుతుంది. కాలేయ జబ్బు ఉన్నవారికి, ఎక్కువగా మద్యం తాగేవారికి, మధుమేహం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. కాలు వాచి, నల్లటి నీటిబొబ్బలు లేచి, జ్వరం వస్తే గంటలలోనే ఆసుపత్రిలో ఉండాలి. యానాం, గోపాలపురం, చెన్నై తీరాలలో వల లాగే మన కుటుంబాలవారు కాలికి గాయముంటే అది మానేదాకా ఉప్పునీటిలో దిగకపోవడం మేలు. తప్పక దిగాల్సివస్తే, బయటికి రాగానే మంచినీళ్ళతో సబ్బు పెట్టి గాయం కడుక్కోవాలి. డాక్టరు దగ్గర "సముద్రంలో దిగాను" అన్న మాట మరవకుండా చెప్పాలి. ఆ మాట లాబు కాగితం మీదకు వస్తేనే మేము టి.సి.బి.ఎస్. ప్లేటు తీస్తాం. లేకపోతే మామూలు పుండు అనుకుని వేరే ప్లేట్లు వేస్తాం.

ఆల్జినోలిటికస్ ఎక్కువగా చెవిపోటుకు, చిన్న పుండ్లకు కారణమవుతుంది. హార్వీ అనే జాతి మనిషికి కాక రొయ్య పిల్లలకు శత్రువు. రొయ్యల హేచరీలలో రాత్రిపూట తొట్టి మిణుకుమిణుకుమంటే యజమాని గుండె ఆగినంత పనవుతుంది. ఆ వెలుగు ఇచ్చేది ఈ విబ్రియోనే.